ఆర్క్ వెల్డింగ్ మెషీన్: ఏ మోడ్ పెట్టాలి, ఏ నాబ్ ఎంత తిప్పాలి - తరచుగా అడిగే ప్రశ్నలు

గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు, ట్రాక్టర్ ట్రాలీల రిపేరు వంటి పనులకు సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మెషీన్ కొన్నవాళ్ళ కోసం ఈ పేజీ. కొత్తగా పని నేర్చుకుంటున్న ఐటీఐ పిల్లలకూ పనికొస్తుంది. ఇక్కడ ఇచ్చిన అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. రాడ్ ప్యాకెట్ మీద కంపెనీ వేరే అంకె వేసి ఉంటే దాన్నే పాటించండి.

ముందే ఒక విషయం చెప్పాలి. వెల్డింగ్ సరిగ్గా రాకపోతే అందరి చెయ్యీ ఆంపియర్ల నాబ్ మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ఎర్త్ క్లాంపు పట్టు, ప్లస్ మైనస్ కనెక్షన్, ఎక్స్‌టెన్షన్ వైరు, రాడ్‌లో తడి... ఈ నాలుగూ చూశాకే నాబ్ ముట్టుకోండి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్యానెల్ మీద ఎంఎంఏ, టిగ్, మిగ్ అని మూడు ఉన్నాయి. నా పనికి ఏది పెట్టాలి?

రాడ్ పట్టుకుని చేసే మామూలు వెల్డింగ్ ఎంఎంఏ. కొన్ని మెషీన్ల మీద ఆర్క్ అనో స్టిక్ అనో ఉంటుంది, మూడూ ఒకటే. బయట పని, గాలి వీచే చోటు, కాస్త తుప్పు పట్టిన పాత ఇనుము, మెషీన్‌ని మోసుకుని మేడ మీదికి ఎక్కాల్సిన పని అయితే ఇదే సరైనది. రాడ్ పైపూత కాలి తానే పొగ కవచం ఇస్తుంది కాబట్టి గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు.

మిగ్‌లో రీలు నుంచి తీగ తానంతట తానే వస్తూ ఉంటుంది. షెడ్డు లోపల ఒకే రకం పని రోజంతా చేసేవాళ్ళకు, సన్న రేకులకు, బాడీ బిల్డింగ్‌కు ఇది లాభం. రాడ్ మార్చే పని లేదు, స్లాగ్ (రాడ్ పైపూత కరిగి వెల్డ్ మీద గట్టిపడే పెచ్చు) కొట్టే పని లేదు. కానీ సిలిండర్ కావాలి, గాలి తగలకూడదు, ఇనుము శుభ్రంగా ఉండాలి.

టిగ్ అంటే కరగని టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ గ్యాస్‌తో చేసేది. ఇది నెమ్మది పని. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రెయిలింగ్, సన్న ఎస్ఎస్ పైపు, బయటికి కనిపించే జాయింట్లు అయితే దీన్ని మించింది లేదు. గేటు పనికి టిగ్ పెట్టుకుంటే కూలి కూడా గిట్టదు.

ఎంఎంఏ రాడ్ వాడుతూ పొరపాటున స్విచ్ టిగ్ మీద ఉంటే ఏమవుతుంది?

మెషీన్ పాడవదు. కానీ ఆర్క్ సరిగ్గా అంటుకోదు, అంటుకున్నా నీరసంగా ఉంటుంది. లిఫ్ట్ టిగ్ (మొనని ఇనుముకి తాకించి లేపితే ఆర్క్ వచ్చే రకం) మోడ్‌లో మొన ఇనుముకి తగిలినప్పుడు మెషీన్ కావాలనే కరెంట్ చాలా తగ్గించి ఇస్తుంది, హాట్ స్టార్ట్ (దీని గురించి కింద ఉంది) పనిచేయదు. "నిన్నటిదాకా బాగుంది, ఇవాళ రాడ్ అంటుకోవడం లేదు" అంటే ముందు ఈ స్విచ్ చూడండి. మెషీన్‌ని ఆటోలో వేసి తీసుకెళ్ళినప్పుడు ఏదో తగిలి మారిపోతూ ఉంటుంది.

హోల్డర్ ప్లస్‌లో పెట్టాలా, మైనస్‌లో పెట్టాలా?

ఇది రాడ్‌ని బట్టి ఉంటుంది.

మన దగ్గర ఎక్కువగా దొరికే 6013 రాడ్ ఎటు పెట్టినా కాలుతుంది. హోల్డర్ ప్లస్‌లో ఉంటే వెల్డింగ్ లోతుగా దిగుతుంది. 4, 5 మిల్లీమీటర్ల యాంగిల్, చానల్, ఫ్లాట్‌కి అదే మంచిది. సన్న స్క్వేర్ పైపు మీద హోల్ పడుతుంటే హోల్డర్‌ని మైనస్‌లోకి మార్చి చూడండి. లోతు తగ్గి పైపు తట్టుకుంటుంది. నాబ్ ముట్టుకోకుండానే తేడా కనిపిస్తుంది.

7018 రాడ్‌కి హోల్డర్ ప్లస్‌లోనే ఉండాలి. టిగ్‌లో ఇది తిరగబడుతుంది. టార్చ్ మైనస్‌లో, ఎర్త్ క్లాంపు ప్లస్‌లో. టార్చ్‌ని ప్లస్‌లో పెడితే టంగ్‌స్టన్ మొన క్షణాల్లో కరిగి గుండులా అవుతుంది. మిగ్‌లో గ్యాస్‌తో వాడే మామూలు తీగకు టార్చ్ ప్లస్. గ్యాస్ లేకుండా వాడే ఫ్లక్స్ తీగలకు చాలావరకు టార్చ్ మైనస్, రీలు మీద ఏది రాసి ఉంటే అది.

సాకెట్‌లో పెట్టాక కనెక్టర్‌ని బిగుతుగా తిప్పండి. వదులుగా ఉన్న కనెక్టర్ వేడెక్కి, సాకెట్‌తో సహా కాలిపోతుంది. పని మధ్యలో అప్పుడప్పుడు తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పని ఆపి సరిచేయాలి.

ఏ రాడ్‌కి ఎన్ని ఆంపియర్లు?

షాపులో 12 నంబరు అడిగితే ఇచ్చేది 2.5 మిల్లీమీటర్ల రాడ్, 10 నంబరు అంటే 3.15, 8 నంబరు అంటే 4. ఈ కొలత లోపలి తీగది, పైపూత కలిపి కాదు. 6013 రాడ్ అయితే నేల మీద పెట్టి చేసే వెల్డింగ్‌కు 2.5 రాడ్‌కి 60 నుంచి 90, 3.15 రాడ్‌కి 90 నుంచి 130, 4 రాడ్‌కి 140 నుంచి 180 ఆంపియర్లు. 2 మిల్లీమీటర్ల సన్న రాడ్ దొరికితే 40 నుంచి 60 చాలు. 7018కి అదే సైజులో ఒక 10, 15 ఆంపియర్లు ఎక్కువ పడుతుంది.

రాడ్ ఎంచుకునేది ఇనుము మందాన్ని బట్టి. 2 మిల్లీమీటర్ల లోపు రేకుకి 2 లేదా 2.5 రాడ్, 3 నుంచి 5 వరకు 2.5 లేదా 3.15, అంతకంటే మందమైతే 3.15 లేదా 4. ఒకే రాడ్ అయినా మందం ఎక్కువ ఉన్న ముక్క వేడిని లాగేసుకుంటుంది కాబట్టి పై అంకె వైపు, సన్న ముక్కకి కింది అంకె వైపు ఉండండి. 3.15 రాడ్‌తో 5 మిల్లీమీటర్ల యాంగిల్ మీద మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది 110. అక్కడి నుంచి ఐదేసి ఆంపియర్లు అటూ ఇటూ జరిపి చూసుకోవచ్చు. ఒకేసారి 30 పెంచితే ఏది బాగుందో తెలియదు.

పెట్టిన ఆంపియర్లు సరిపోయాయో లేదో ఎలా తెలుస్తుంది?

డిస్‌ప్లే అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి. చవక మెషీన్లలో ఆ అంకె నాబ్ ఎక్కడుందో చెబుతుందే కానీ, రాడ్ కొనకు ఎంత చేరుతుందో చెప్పదు. అసలు సమాచారం బీడ్‌లో, అంటే వెల్డింగ్ గీతలో ఉంటుంది. అదే మందం ఉన్న వేస్టు ముక్క మీద ఒక రాడ్ కాల్చి, స్లాగ్ కొట్టి, వైర్ బ్రష్ వేసి చూడండి.

కరెంట్ తక్కువైతే బీడ్ ఉబ్బెత్తుగా, సన్నగా, తాడులా ఇనుము మీద కూర్చుంటుంది. అంచులు ఇనుములో కలవవు. రాడ్ తరచూ అతుక్కుంటుంది. కరిగిన లోహం, స్లాగ్ వేరువేరుగా కనిపించవు, రెండూ కలగాపులగం అవుతాయి. ఇది పైకి మంచి వెల్డింగ్‌లా కనిపించడమే ప్రమాదం. గేటు కీలు ఏడాదికే ఊడి వచ్చేది ఇలాంటి జాయింట్ దగ్గరే.

కరెంట్ ఎక్కువైతే బీడ్ వెడల్పుగా చదునుగా పరుచుకుంటుంది, గీతలు మొనదేలి కనిపిస్తాయి, రెండు పక్కల ఇనుము కోసుకుపోయి గాడి పడుతుంది. నిప్పు గుండ్లు చుట్టూ చెల్లాచెదురుగా అతుక్కుంటాయి. రాడ్ సగం కాలేసరికే మిగతాది ఎర్రబడితే అనుమానమే అక్కర్లేదు, తగ్గించండి.

సరిగ్గా ఉన్నప్పుడు చప్పుడు తెగకుండా వస్తుంది, కాగిన నూనెలో పోపు చిటపటలాడినట్టు. స్లాగ్ ఒక్క దెబ్బకు, కొన్నిసార్లు చల్లారుతుండగా తానే, పెచ్చుగా లేచిపోతుంది.

కంటితో చూసింది చాలదు అనుకుంటే విరిచి చూడండి. రెండు ఫ్లాట్ ముక్కలను టీ ఆకారంలో నిలబెట్టి ఒక్క వైపే వెల్డ్ చేసి, చల్లారాక వెల్డింగ్ తెరుచుకునేలా సుత్తితో నిలువు ముక్కని మడవండి. వెల్డ్ మూలలో మెరిసే, కలవని గీత కనిపిస్తే లోపలికి దిగలేదని అర్థం. ఆంపియర్ల గురించి ఎవరెంత చెప్పినా ఈ ఒక్క పరీక్ష నేర్పినంత నేర్పరు. కొత్త మెషీన్ కొన్న మొదటి రోజే చేయండి.

ఆంపియర్లు సరిగ్గానే పెట్టాను. అయినా రాడ్ అతుక్కుంటోంది. ఎందుకు?

ఇక్కడే ముందు చెప్పిన నాలుగూ చూడాలి. ప్లస్ మైనస్ సంగతి పైన ఉంది, మిగతావి ఇవి.

మొదట ఎర్త్ క్లాంపు. పెయింటు మీద, తుప్పు మీద, రెడ్ ఆక్సైడ్ మీద పెట్టారా? గ్రైండర్‌తో చోటు శుభ్రం చేసి, వెల్డ్ చేసే జాయింట్‌కి దగ్గరగా పెట్టండి. స్ప్రింగు వదులైన క్లాంపు, లోపల తీగలు సగం తెగిపోయిన కేబుల్ అయితే మార్చేయండి. తర్వాత కరెంట్ సరఫరా: సాయంత్రం వోల్టేజ్ పడిపోయే ఊళ్ళలో పగలు బాగా కాలిన రాడ్ రాత్రి అతుక్కుంటుంది. ఎక్స్‌టెన్షన్ వైరు గురించి కింద విడిగా ఉంది. ఇక రాడ్: వానాకాలంలో ప్యాకెట్ తెరిచి వదిలేసిన రాడ్లు తేమ పీలుస్తాయి. పైపూత పొడిపొడిగా రాలుతున్నా, ఆర్క్ అంటుకోగానే ఆవిరి చప్పుడు వస్తున్నా అదే కారణం.

ఇవన్నీ బాగుంటే అప్పుడు చెయ్యి. రాడ్ కొనకీ ఇనుముకీ మధ్య దూరం రాడ్ మందమంత ఉండాలి. 3.15 రాడ్‌కి సుమారు 3 మిల్లీమీటర్లు. రాడ్‌ని గుచ్చినట్టు పొడవకుండా అగ్గిపుల్ల గీసినట్టు గీసి లేపండి.

హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్ అనే నాబ్‌లు దేనికి?

హాట్ స్టార్ట్ ఆర్క్ అంటుకునే క్షణంలో మాత్రమే, సెకనులో కొంత భాగం, మీరు పెట్టినదానికంటే ఎక్కువ కరెంట్ ఇస్తుంది. చల్లటి మందపాటి ఇనుము మీద రాడ్ అతుక్కోకుండా అంటుకోవడానికి ఇది సాయం. సన్న పైపు మీద మాత్రం మొదలుపెట్టిన చోటే హోల్ పడేది దీని వల్లే. 2 మిల్లీమీటర్ల లోపు ఇనుముకి దీన్ని సున్నాకి దగ్గరగా తెచ్చేయండి.

ఆర్క్ ఫోర్స్ వెల్డింగ్ నడుస్తుండగా పనిచేస్తుంది. రాడ్ ఇనుముకి మరీ దగ్గరైతే ఆర్క్ వోల్టేజ్ పడిపోతుంది. మెషీన్ అది గమనించి ఆ క్షణానికి కరెంట్ పెంచి రాడ్ అతుక్కోకుండా తోస్తుంది. 7018 వాడేటప్పుడు, ఇరుకు మూలల్లో, వీ గాడి అడుగున మొదటి వరస వేసేటప్పుడు దీన్ని మధ్యకి, లేదా కొంచెం పైకి పెట్టండి. 6013తో గ్రిల్ పనికి తక్కువలో ఉంచితే ఆర్క్ మెత్తగా ఉంటుంది, గుండ్లు తగ్గుతాయి.

ఈ రెండు నాబ్‌లూ లేని చిన్న మెషీన్లలో కంపెనీ లోపలే ఒక విలువ పెట్టి ఉంచుతుంది. అందులో తప్పేమీ లేదు, గేటు పనికి అది చాలు.

యాంటీ స్టిక్?

రాడ్ అతుక్కుని అలాగే ఉండిపోతే కరెంట్ తానే పడిపోతుంది. రాడ్ ఎర్రబడకుండా విరిచి తీసుకోవచ్చు. మీరు సెట్ చేసేదేమీ లేదు.

వీఆర్డీ లైటు వెలుగుతోంది. ఆపేయాలా?

ఆపకండి. వెల్డింగ్ చేయనప్పుడు మెషీన్ సాకెట్ల మధ్య సాధారణంగా 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. చెమట పట్టిన చెయ్యి, తడి నేల, ఇనుప ట్యాంకు లోపల పని అయితే ఆ వోల్టేజ్ ప్రాణం తీయగలదు. వీఆర్డీ దాన్ని 35 వోల్టుల లోపుకి, చాలా మెషీన్లలో ఇంకా కిందికి తెచ్చి ఉంచుతుంది. ఆర్క్ మొదలుపెట్టేటప్పుడు కొంచెం మొండికేస్తుంది, అంతే. రాడ్ కొన మీది స్లాగ్ గుండుని గీకి శుభ్రం చేసి గీస్తే అంటుకుంటుంది. వానాకాలంలో, బోరు దగ్గర, పొలంలో తడి మట్టి మీద పనిచేసేవాళ్ళు వీఆర్డీ ఉన్న మెషీన్ కోసం కొంచెం ఎక్కువ పెట్టడం న్యాయమే.

సన్న స్క్వేర్ పైపు మీద ఎంత తగ్గించినా హోల్ పడుతోంది.

16 గేజ్ పైపు అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే 1.2. వీటి మీద 3.15 రాడ్ వాడి కరెంట్ తగ్గించుకుంటూ పోతే రాడ్ అతుక్కోవడం మొదలవుతుంది కానీ హోల్ ఆగదు. రాడ్ మార్చాలి. 2.5 రాడ్‌తో 55, 60 ఆంపియర్లు, 2 రాడ్ అయితే 40, 45. హోల్డర్ మైనస్‌లో, హాట్ స్టార్ట్ కిందికి. ఒకే గీతగా లాగకుండా చుక్క చుక్కగా టాకులు వేయండి. ఒక టాకు వేసి, ఎరుపు తగ్గాక దాని మీద సగం పడేలా ఇంకొకటి.

ముక్కల మధ్య సందు ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. కోత సరిగ్గా కోయడం ఇక్కడ సగం పని. సన్న పైపు పనే రోజూ ఉంటే మిగ్‌కి మారడమే మేలు.

నిలువు వెల్డింగ్‌కి, తల మీద వెల్డింగ్‌కి సెట్టింగ్ మార్చాలా?

కింది నుంచి పైకి నిలువుగా వేసేటప్పుడు నేల మీద వాడినదానికంటే 10 నుంచి 15 శాతం తగ్గించండి. 110 వాడుతుంటే 95, 100. లేదంటే కరిగిన లోహం కిందికి జారిపోతుంది. తల మీద కూడా దాదాపు అంతే తగ్గించి, ఆర్క్ ఇంకా చిన్నదిగా పట్టుకోవాలి. కాలరు గుండీ పెట్టుకోండి, చెవులు కప్పుకోండి.

మెషీన్ మధ్యలో ఆగి పసుపు లైటు వస్తోంది. పాడైపోయిందా?

కాదు, వేడెక్కింది. మెషీన్ వెనక ప్లేటు మీద డ్యూటీ సైకిల్ అని ఒక శాతం రాసి ఉంటుంది. అది 10 నిమిషాల లెక్క. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలు కాల్చి 4 నిమిషాలు వదలాలి. అదే మెషీన్ సుమారు 155 ఆంపియర్ల దగ్గర ఆపకుండా నడుస్తుంది. కరెంట్ తగ్గితే శాతం పెరుగుతుంది.

ఈ లెక్క సాధారణంగా 40 డిగ్రీల గాలికి వేసింది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద వేడి అంతకు మించే ఉంటుంది, కాబట్టి మెషీన్ త్వరగా ఆగుతుంది. ఆగితే స్విచ్ కట్టేయకండి. లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి, అప్పుడే చల్లారుతుంది. మెషీన్‌ని నీడలో, వెనక గోడకి ఒక అడుగు దూరంలో పెట్టండి. ఎండ తగులుతోందని మీద గోనెపట్టా కప్పడం నేను చాలా చోట్ల చూశాను. అది మెషీన్ గొంతు నొక్కడమే.

కొనేటప్పుడు "200 ఆంప్స్" అన్న పెద్ద అంకె కంటే ఈ శాతం చూసి కొనండి. 200 దగ్గర 20 శాతం ఉన్నదీ 60 శాతం ఉన్నదీ ఒకే రకం మెషీన్లు కావు.

ఇంట్లో 16 ఆంప్ ప్లగ్ నుంచి నడుస్తుందా?

2.5 రాడ్ దాకా నడుస్తుంది. 80 ఆంపియర్ల దగ్గర మామూలు ఇన్వర్టర్ 230 వోల్టుల లైను నుంచి ఇంచుమించు 13, 14 ఆంపియర్లు లాగుతుంది. 3.15 రాడ్‌తో 110 దగ్గర అది 18, 20 అవుతుంది, ప్లగ్ వేడెక్కుతుంది. 4 రాడ్‌తో 160 పెడితే 30 దాటుతుంది. కాబట్టి 3.15 నుంచి పైకి వెళ్ళేవాళ్ళు మీటరు బోర్డు నుంచి విడిగా 4 లేదా 6 స్క్వేర్ మిల్లీమీటర్ల కాపర్ వైరు, 32 ఆంప్ ఎంసీబీ వేయించుకోవాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మూడో పిన్ ఎర్త్ నిజంగా భూమిలోకి వెళ్తోందో లేదో కూడా చూడమనండి. మెషీన్ బాడీకి ఉండే ఆ ఎర్త్ వేరు, ఇనుముకి పెట్టే ఎర్త్ క్లాంపు వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేయకూడదు.

ఎక్స్‌టెన్షన్ వైరు ఎంత పొడవు వాడొచ్చు?

పొడవు కంటే వైరు మందం ముఖ్యం. 2.5 స్క్వేర్ కాపర్ వైరు 30 మీటర్లు లాగి 20 ఆంపియర్లు తీసుకుంటే దాదాపు 9 వోల్టులు వైరులోనే పోతాయి. లైన్లో 230 ఉంటే ఫర్వాలేదు. ఊళ్ళో 190 వస్తున్నప్పుడు ఆ 9 కూడా పోతే మెషీన్ కొట్టుమిట్టాడుతుంది. 1.5 స్క్వేర్ వైరు అయితే ఈ నష్టం ఇంకా ఎక్కువ, పైగా వైరు కాలుతుంది. 20 మీటర్లు దాటితే 4 స్క్వేర్ వాడండి. చుట్ట పూర్తిగా విప్పి నేల మీద పరవాలి. చుట్ట మీదే ఉంచి నడిపితే మధ్యలో వేడి బయటికి పోలేక పైతొడుగు కరుగుతుంది.

దూరం తప్పనిసరైతే మెషీన్‌ని పని దగ్గరికి తీసుకెళ్ళండి. హోల్డర్ కేబుల్‌ని పొడిగిస్తే దానికి ఇంకా చాలా మందం వైరు కావాలి. 200 ఆంపియర్ల పనికి 25 నుంచి 35 స్క్వేర్ కాపర్.

జనరేటర్ మీద 3.15 రాడ్‌కి 5 కేవీఏ అంచున నడుస్తుంది, 7.5 అయితే హాయి. జనరేటర్ స్టార్ట్ చేసి వేగం కుదిరాకే మెషీన్ స్విచ్ వేయండి, ఆపేటప్పుడు ముందు మెషీన్ కట్టండి.

మిగ్‌లో వోల్టేజ్, వైర్ స్పీడ్ రెండు నాబ్‌లు. దేన్ని దేనితో కలపాలి?

మిగ్‌లో ఆంపియర్లకు విడిగా నాబ్ ఉండదు. తీగ ఎంత వేగంగా వస్తే అంత కరెంట్. వోల్టేజ్ ఆర్క్ పొడవునీ బీడ్ వెడల్పునీ నిర్ణయిస్తుంది.

0.8 మిల్లీమీటర్ల తీగతో 2, 3 మిల్లీమీటర్ల ఇనుముకి 17 నుంచి 19 వోల్టుల దగ్గర మొదలుపెట్టండి. 1 మిల్లీమీటరు రేకుకి 15, 16 చాలు. వోల్టేజ్ ఒక చోట నిలిపి, వైర్ స్పీడ్ మాత్రం మెల్లగా తిప్పండి. తీగ టార్చ్‌ని వెనక్కి తోస్తూ టపటపా పొడుస్తుంటే స్పీడ్ ఎక్కువ. కొన గుండుగా మారి పైకి ఎక్కి కాంటాక్ట్ టిప్పుకి అతుక్కుంటుంటే స్పీడ్ తక్కువ. రెండింటి మధ్య చప్పుడు ఒకే వరసగా వచ్చే చోటు దొరుకుతుంది. దొరికాక ప్యానెల్ మీద మార్కరుతో గీత పెట్టుకోండి, ఇనుము మందం కూడా పక్కన రాసుకోండి. రెండు నాబ్‌లూ ఒకేసారి తిప్పేవాళ్ళు గంటసేపు తిప్పుతూనే ఉంటారు.

ఉత్త సీఓటూ గ్యాస్‌తో అయితే ఆర్గాన్ కలిపిన గ్యాస్ కంటే ఒకటి రెండు వోల్టులు ఎక్కువ కావాలి, గుండ్లు కూడా ఎక్కువ పడతాయి. కానీ లోతు బాగా దిగుతుంది, ధర తక్కువ. ఇనుప పనికి నేనైతే సీఓటూని తప్పు పట్టను. గ్యాస్ నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు. తీగ టిప్పు నుంచి 10, 12 మిల్లీమీటర్లు బయటికి ఉంటే చాలు. బీడ్‌లో సన్న రంధ్రాలు వస్తే గ్యాస్ పెంచే ముందు ఫ్యాన్ ఆపి చూడండి. టార్చ్ మీదికి గాలి తగలడమే తరచుగా కారణం.

సినర్జిక్ అని ఉంటే?

ఇనుము రకం, తీగ మందం, గ్యాస్ చెబితే వోల్టేజ్, స్పీడ్ జత మెషీన్ తానే కలుపుతుంది. మీరు ఒక్క నాబే తిప్పుతారు. కొత్తవాళ్ళకు మంచిది. కాకపోతే తీగ 0.8 వాడుతూ మెషీన్‌కి 1.0 అని చెప్పి ఉంచితే లెక్కంతా తప్పుతుంది.

ఇండక్టెన్స్ నాబ్ ఉంటే మధ్యలో వదిలేయండి. పెంచితే లోహం పల్చగా పారి గుండ్లు తగ్గుతాయి. తగ్గిస్తే ఆర్క్ గట్టిబడి బీడ్ చల్లగా పడుతుంది, సన్న రేకుకి అది నయం.

2టీ, 4టీ తేడా ఏమిటి?

2టీలో ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపే వెల్డింగ్. 4టీలో ఒకసారి నొక్కి వదిలితే నడుస్తుంది, మళ్ళీ నొక్కి వదిలితే ఆగుతుంది. టాకులకు 2టీ, పొడవు గీతలకు 4టీ. వేలు నొప్పి తగ్గుతుంది.

లిఫ్ట్ టిగ్ ఉన్న చిన్న మెషీన్‌తో అల్యూమినియం చేయొచ్చా?

చేయలేరు. అల్యూమినియం మీద ఉండే ఆక్సైడ్ పొరని చీల్చడానికి టిగ్‌లో ఏసీ కావాలి. ఈ మెషీన్లు డీసీ మాత్రమే ఇస్తాయి. ఎస్ఎస్, ఎమ్మెస్ (మామూలు ఇనుము) చేసుకోవచ్చు. వాల్వు ఉన్న టార్చ్, ఆర్గాన్ సిలిండర్, రెగ్యులేటర్ విడిగా కొనాలి. గ్యాస్ 6 నుంచి 10 లీటర్లు. వాల్వు ముందు తెరిచి, ఆర్క్ ఆగాక కూడా టంగ్‌స్టన్ ఎరుపు తగ్గేదాకా తెరిచే ఉంచండి.

జీఐ పైపుకి ఏ సెట్టింగ్?

సెట్టింగ్ కంటే ముందు జింకు పూతని జాయింట్‌కి రెండు వైపులా గ్రైండ్ చేసి తీసేయండి. కాలిన జింకు తెల్లటి పొగ పీలిస్తే ఆ సాయంత్రమో రాత్రో చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పాలు తాగితే, బెల్లం తింటే ఏమీ కాదని షెడ్లలో చెబుతారు. అవి పొగని ఆపలేవు. గాలి వచ్చే దిక్కుకి పక్కగా నిలబడండి, వెల్డింగ్ పొగకు సరిపడే మాస్క్ పెట్టుకోండి. రుమాలు కట్టుకుంటే చాలదు.

ట్రాక్టర్ మీద, ఆటో మీద నేరుగా వెల్డ్ చేయొచ్చా?

ముందు బ్యాటరీ తీగలు విప్పేయండి. లేకపోతే ఆల్టర్నేటర్, కొత్త బండ్లలో కంప్యూటర్ బోర్డు పోతాయి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే ముక్క మీదే పెట్టాలి. దూరంగా ఎక్కడో పెడితే కరెంట్ బేరింగుల గుండా పోయి వాటి మీద మచ్చలు పడతాయి. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా దాన్ని ముట్టుకోకండి. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

హెల్మెట్ అద్దం ఎంత షేడ్ ఉండాలి?

2.5 రాడ్‌కి 10, 3.15 నుంచి 4 దాకా 11. ఆటో డార్క్ హెల్మెట్ అయితే ఆ నంబరు తిప్పి పెట్టుకోండి. ఎండలో పనిచేస్తూ సోలార్ సెల్ మీద దుమ్ము ఉంటే అది ఆలస్యంగా నల్లబడుతుంది, తుడుస్తూ ఉండండి. కళ్ళు మూసుకుని టాకు వేయడం మానుకోండి. ఆ వెలుగు పక్కనుంచి తగిలినా రాత్రికి కళ్ళు మండి నీళ్ళు కారతాయి. పక్కన పట్టుకున్న కుర్రాడికీ అద్దం ఇవ్వండి.

7018 రాడ్ ఎప్పుడు వాడాలి?

బరువు మోసే జాయింట్లకు, మందపాటి ఇనుముకి, ట్రాలీ చాసిస్, హుక్కులు వంటివాటికి. ఇది తేమ లేకుండా ఉంటేనే దాని బలం. తెరిచిన ప్యాకెట్ అయితే కంపెనీ చెప్పిన వేడిలో, సాధారణంగా 250 నుంచి 350 డిగ్రీల మధ్య గంటో రెండు గంటలో ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. ఎండలో పెడితే అంత వేడి రాదు. తడి 7018 కంటే పొడి 6013 వాడటమే మంచిది.

ఇన్వర్టర్ మెషీన్‌కి సర్వీసింగ్ ఏం చేయాలి?

గ్రైండింగ్ దుమ్ము ఇనుప పొడే. ఫ్యాన్ దాన్ని లోపలికి లాగుతుంది, బోర్డుల మీద పేరుకుని షార్ట్ చేస్తుంది. గ్రైండర్‌ని మెషీన్ వైపు నిప్పులు పడేలా తిప్పకండి. దుమ్ము పనిని బట్టి నెలకో రెండు నెలలకో ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, తేమ లేని గాలితో దూరం నుంచి ఊదండి. కంప్రెసర్ గొట్టాన్ని ఫ్యాన్ మీద నేరుగా పెడితే రెక్కలు విరుగుతాయి. కవరు విప్పాల్సి వస్తే మాత్రం తెలిసిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళండి, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ఛార్జి కొంతసేపు నిలిచి ఉంటుంది.